పూజించే పసుపును పరీక్షించవచ్చా?

పల్నాడు జిల్లా అచ్చంపేట లాంటి మండల కేంద్రంలో పసుపు మూడు రూపాల్లో అమ్ముడవుతుంది. కిరాణా కొట్టులో కూరల్లోకి వాడే పొడి. పూజా సామగ్రి అమ్మే చోట వినాయకుణ్ణి చేయడానికి, గడపకు రాయడానికి పొట్లం. మందుల షాపులో మోకాళ్ల నొప్పులకంటూ మాత్రల డబ్బా. మూడింటికీ మూలం ఒకటే దుంప. అందుకే కొనేవాళ్ల మనసులో ఒకదాని మీద ఉన్న గౌరవం ఇంకోదాని మీదికి పాకుతుంది. అమ్మవారికి పెట్టేది ఒంటికి చెరుపు ఎలా చేస్తుంది? పెద్దలు తరతరాలుగా వాడినది పనిచేయకుండా ఎలా ఉంటుంది? మాత్రల డబ్బాకు డబ్బు తీసేవాళ్లలో చాలామందిని నడిపించేది ఈ రెండు మాటలే.

వీటి వెనక ఒక పాత తాత్విక ప్రశ్న ఉంది. పవిత్రమైనది కాబట్టి పనిచేస్తుందని చెప్పవచ్చా? నిజంగా పనిచేస్తుందో లేదో చూద్దామని పూజించే వస్తువును పరీక్షకు పెడితే అది అపచారమా?

అచ్చంపేట చుట్టుపక్కల మిర్చి, పత్తి ప్రధాన పంటలు. మిరప కోతలప్పుడు ఆడకూలీలు రోజంతా వంగో, గొంతుకూర్చునో కాయ కోస్తారు. ఏళ్ల తరబడి ఆ పని చేసిన మోకాళ్లు నడివయసు దాటేసరికి పట్టేస్తాయి. కూర్చుంటే లేవలేరు, లేస్తే మెట్టు దిగలేరు. ఊళ్లో దాన్ని గుజ్జు అరగడం అంటారు. మోకాలి అరుగుదల మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, ముఖ్యంగా ముట్లుడిగాక, ఎక్కువ. ఆ నొప్పికి ఇంట్లో చేసే ఉపాయాలు అందరికీ తెలిసినవే. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెడతారు. జిల్లేడాకుకు ఆముదం రాసి వెచ్చజేసి మోకాలికి కడతారు. బెణికిన చోట పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తారు. దెబ్బ తగిలితే పసుపు అద్దుతారు. జలుబు చేస్తే పసుపు వేసిన పాలు తాగిస్తారు.

ఈ వరుసను కాస్త నిదానంగా చూడాలి. దెబ్బకు, బెణుకుకు, జలుబుకు పసుపు. ఏళ్ల నాటి కీళ్ల నొప్పికి మాత్రం ముందుగా వావిలాకు, ఆముదం. శాస్త్రగ్రంథంలోనూ దాదాపు ఇదే తీరు. చరక సంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో ఔషధాలను అవి చేసే పనిని బట్టి, గణానికి పది చొప్పున, 50 గణాలుగా కూర్చారు. హరిద్ర, అంటే పసుపు, ఒంట్లో పేరుకున్నదాన్ని గీకి తీసే లేఖనీయ గణంలో ఉంది. చర్మరోగాలను పోగొట్టే కుష్ఠఘ్న గణంలో ఉంది. విషాన్ని హరించే విషఘ్న గణంలో ఉంది. బాధను అణచే వేదనాస్థాపన గణంలోని పది ద్రవ్యాల్లో పసుపు లేదు. శూలను తగ్గించే గణంలో పిప్పళ్లు, శొంఠి, మిరియాలు ఉన్నాయి, పసుపు లేదు. వాపును తగ్గించే శ్వయథుహర గణంలోనూ లేదు. తర్వాతి కాలపు లేపనాల్లో పసుపు కనిపిస్తుంది, నిజమే. అయినా కీళ్ల నొప్పికి పసుపు మింగమని వేల ఏళ్లుగా సంప్రదాయం చెబుతోందనే ప్రచారానికి ఆ సంప్రదాయపు మూలగ్రంథంలోనే అంత బలం దొరకదు. పూర్వుల మీద గౌరవం ఉన్నవాళ్లు వాళ్లు చెప్పని మాటను వాళ్ల నోట పెట్టకూడదు.

పరీక్షించడం అపచారమా అన్న ప్రశ్నకు కూడా అదే గ్రంథంలో జవాబు దొరుకుతుంది. సూత్రస్థానం పదకొండో అధ్యాయంలో చరకుడు ఆప్తోపదేశం (నమ్మదగినవారి మాట), ప్రత్యక్షం (స్వయంగా చూడటం), అనుమానం (ఆనవాళ్లను బట్టి తేల్చడం), యుక్తి అనే నాలుగింటిని చెప్పి, వాటికి పరీక్ష అనే పేరే పెట్టాడు. ఆ నాలుగింటినీ ఆయన అక్కడ ప్రయోగించింది ఏదో వేరు మీదో ఆకు మీదో కాదు, పునర్జన్మ మీద. చనిపోయాక మళ్లీ పుట్టుక ఉందా అనే మతవిశ్వాసాన్నే వరుసగా నాలుగు పరీక్షలకు నిలబెట్టి, ఆ తర్వాత ఉందని ఒప్పుకున్నాడు. పునర్జన్మను పరీక్షించడం తప్పు కానప్పుడు పసుపును పరీక్షించడం ఎలా తప్పవుతుంది?

అక్కడే ఆప్తుడు ఎవరో కూడా చెప్పాడు. రజస్తమోగుణాల నుంచి విడివడినవాడు, అబద్ధమాడవలసిన అవసరం లేనివాడు ఆప్తుడు. ఈ కొలత ఇవాళ్టికీ అక్కరకొస్తుంది. అనుభవంతో చెప్పే నాయనమ్మకు పసుపు మీద లాభం లేదు. డబ్బా మీద వేల ఏళ్ల రహస్యమని అచ్చువేసిన కంపెనీకి ఉంది. ఇద్దరూ ఒకే మాట చెప్పినా చరకుడి లెక్కలో ఆ రెండు మాటలకూ ఒకే బరువు లేదు.

పసుపు పేటెంటు వివాదంలోనూ ఇలాంటి తేడా ఒకటి మరుగునపడింది. 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంటు దక్కింది. ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వంలో భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) దాన్ని సవాలు చేసింది. సంస్కృత గ్రంథాలను, 1953లో భారతీయ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని సాక్ష్యంగా చూపింది. 1997లో పేటెంటు రద్దయింది. దేశమంతా గర్వపడింది, గర్వపడవలసిన విషయమే. అయితే అక్కడ తేలింది ఈ జ్ఞానం ముందుగా ఎవరిది అన్నది. పసుపు ఏ జబ్బును ఎంత తగ్గిస్తుందన్న సంగతిని అమెరికా పేటెంటు కార్యాలయం తేల్చలేదు. ఆ గెలుపును పసుపు వైద్యగుణానికి ముద్రగా చూపడం న్యాయం కాదు.

అచ్చంపేటకు ఉత్తరాన కృష్ణ పారుతుంది. అదే ఒడ్డున దిగువకు వెళ్తే బౌద్ధులు ధాన్యకటకమని పిలిచిన అమరావతి, ఎగువకు వెళ్తే నాగార్జునకొండ. ఒకప్పుడు ఈ రెంటి మధ్యా భిక్షువులు నడిచిన నేల ఇది. భిక్షువులు ఏ మందులు దగ్గర ఉంచుకోవచ్చో పాళీ వినయ పిటకంలోని భేసజ్జ ఖంధకం చెబుతుంది. జబ్బుపడిన భిక్షువులకు అనుమతించిన వేరు మందుల జాబితాలో మొట్టమొదటి పేరు పసుపు, తర్వాత అల్లం, వస. వాటిని జీవితాంతం దాచుకోవచ్చు. షరతు ఒక్కటే: కారణం ఉన్నప్పుడే వాడాలి. కారణం లేకుండా తింటే దుక్కటమనే చిన్న దోషం. పసుపును మందుగా ఒప్పుకున్న ఆ ధర్మం దాని చుట్టూ హద్దును కూడా అప్పుడే గీసింది. రోజూ వేసుకుంటే మంచిదేగా అని ఏ జబ్బూ లేకుండానే మాత్రలు మింగడం ఈనాటి అలవాటు. ఆ నియమం దీన్ని ఒప్పుకునేది కాదు.

ఇక చరకుడు చెప్పిన రెండో పరీక్ష, ప్రత్యక్షం. థాయిలాండులో మోకాలి అరుగుదల ఉన్న 367 మంది మీద జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. సగం మందికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, మిగిలినవాళ్లకు 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ నాలుగు వారాలు ఇచ్చారు. నొప్పి తగ్గడంలో పసుపు సారం ఐబుప్రోఫెన్‌కు తీసిపోలేదు. కడుపునొప్పి లాంటి ఇబ్బందులు పసుపు వాడినవాళ్లలో తక్కువగా కనిపించాయి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 70 మంది మీద 12 వారాలు చేసిన పరీక్ష 2020లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా పసుపు సారం తీసుకున్నవాళ్లకు నొప్పి ఎక్కువ తగ్గింది. ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే మాత్రం మోకాలిలో చేరిన నీరులోగాని, మృదులాస్థిలోగాని చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి కొంత తగ్గవచ్చు, అరిగిన గుజ్జు తిరిగి రాలేదు. కీళ్ల నొప్పితో కుంగిపోయిన మనిషికి ఈ రెండు ముక్కలూ కలిపే చెప్పాలి.

ఈ ఫలితాలు సారానివి, వంటింటి పొడివి కావు. 1815లోనే వోగెల్, పెల్టియర్ అనే రసాయనవేత్తలు పసుపు నుంచి వేరుచేసిన కర్క్యుమిన్ మామూలు పొడిలో నూటికి రెండు నుంచి ఐదు పాళ్లే ఉంటుంది. మూడు పాళ్లనుకుంటే, మూడు గ్రాముల చెంచాడు పొడిలో దాదాపు 90 మిల్లీగ్రాములు. అందులోనూ ఒంటికి పట్టేది బహు కొద్ది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో కొద్దిమందికి రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే, రక్తంలోకి చేరేది సుమారు ఇరవై రెట్లు పెరిగింది. మిరియాల పొడి, పసుపు వేసిన పాలు గొంతుకు హాయినిస్తాయి. ఆ గ్లాసుతో థాయిలాండు అధ్యయనంలోని మోతాదు అందుతుందని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

మోతాదు పెంచితే దాని వెంట వచ్చేవీ పెరుగుతాయి. పసుపు మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలను అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ వ్యాధుల మీద పనిచేసే పరిశోధక బృందం ప్రకటించింది. వాళ్లలో ఒకరు చనిపోయారు. ఏడుగురిలో ఒకే రకం జన్యు లక్షణం కనిపించింది. వాళ్లు వాడిన ఉత్పత్తులను పరీక్షిస్తే కొన్నింటిలో పైపరిన్ ఉంది. అంటే మందును ఒంటికి పట్టించే దినుసే కొందరికి ముప్పు తెచ్చిపెట్టి ఉండవచ్చు. ఇటలీ, ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థలూ ఇలాంటి హెచ్చరికలు చేశాయి. వాడుతున్నవాళ్ల సంఖ్యతో పోలిస్తే ఇవి అరుదైన సంఘటనలే. అయినా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, కాలేయం బలహీనంగా ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఈ మాత్రలు మొదలుపెట్టకూడదు. ప్రకృతి ఇచ్చినది కాబట్టి హాని ఉండదనే మాట చరకుడిది కాదు. సరిగా వాడితే విషమూ మందవుతుందని, తప్పుగా వాడితే మందూ విషమవుతుందని చెప్పినవాడాయన.

ఇన్ని పరీక్షలు చూశాక పరీక్షలనే పూజించే ప్రమాదం కూడా ఉంది. నాగార్జునకొండకు ఏ ఆచార్యుడి పేరు నిలిచిందో ఆ నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో అడిగిన ప్రశ్న ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వస్తువులను ప్రమాణాలు నిరూపిస్తే, ఆ ప్రమాణాలను నిరూపించేది ఏది? నాలుగు వారాల అధ్యయనం నాలుగేళ్ల సంగతి చెప్పదు. 70 మంది మోకాళ్లు పల్నాడు కూలీల మోకాళ్లు కావు. ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు మిరప చేలల్లో పనిచేయలేదు, పల్నాడు బోరు నీళ్లు తాగలేదు.

బోరు నీళ్ల మాట ఊరికే అన్నది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. ఇప్పుడవి ప్రకాశం వైపు ఉన్నాయి. పల్నాడు మెట్ట ప్రాంతాల్లోనూ కొన్ని చోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగదు. చూసేవాళ్లకు అది వయసుతో వచ్చిన వాతంలా కనిపిస్తుంది. ఆ మనిషికి ఎంత పసుపు పెట్టినా లాభం లేదు, మార్చవలసింది నీళ్లు. నాలుగు పరీక్షల్లో చరకుడు యుక్తిని చేర్చింది ఇందుకే. ఒక ఫలితానికి అనేక కారణాలు కలిసి ఉంటాయని, వాటిని విడదీసి చూడగల బుద్ధికే ఆయన యుక్తి అని పేరు పెట్టాడు.

దీనికి ఎదురుగా నిలిచే వాదం ఒకటుంది, అది బలమైనదే. నమ్మకం కూడా మందే కదా, దాన్ని ఎందుకు చెడగొట్టాలి? చరకుడు అదే పదకొండో అధ్యాయంలో చికిత్సను మూడుగా విభజించాడు: మంత్రం, పూజ, వ్రతం లాంటివి దైవవ్యపాశ్రయం, ఆహారం, ఔషధాలతో చేసేది యుక్తివ్యపాశ్రయం, మనసును అహితమైన వాటి నుంచి మళ్లించేది సత్త్వావజయం. మూడింటికీ చోటిచ్చాడు. సాయంత్రం కోడలో మనవరాలో పట్టు వెచ్చజేసి ముసలావిడ మోకాలికి వేస్తున్నప్పుడు అందులో పసుపు పని ఎంతో, ఆ చేతి పని ఎంతో విడదీయలేం, విడదీయనక్కరలేదు. ఆ పట్టు వల్ల హాని లేదు, ఖర్చు లేదు, ఆదరణ ఉంది. అయితే చరకుడు మూడు చికిత్సలు చెప్పాడుగాని వాటిని ఒకదానిలో ఒకటి కలిపేయలేదు. దైవం మీది నమ్మకాన్ని మందు మోతాదుకు సాక్ష్యంగా తెచ్చినప్పుడు చెడేది నమ్మకమే. మాత్ర పనిచేయకపోతే రోగి ముందుగా అనుమానించేది తన భక్తిని.

పసుపు గుర్తు వేరు, పసుపు వస్తువు వేరు అని మన సమాజానికి ఎప్పుడో తెలుసు. తెలిసిన తీరే బాధాకరం. భర్త పోయిన ఆడమనిషికి ముఖాన పసుపు, నుదుట కుంకుమ కాదన్నది ఆచారం. పేరంటానికి ఆమెను పిలవలేదు. వియ్యాలవారి ముందుకు రానివ్వలేదు. ఆమె తినే పప్పులో మాత్రం పసుపు పడుతూనే ఉంది. అంటే దుంపకు సొంతంగా శుభమూ లేదు, అశుభమూ లేదు, ఆ అర్థాలు మనుషులు పెట్టినవని ఆమెకు పసుపు కాదన్నవాళ్లకూ తెలుసు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ వధువుకు తిరిగి అందిన మర్యాదల్లో పసుపు కుంకుమలూ ఉన్నాయి. మోకాలి నొప్పి ఎక్కువగా వేధించేది పెద్దవయసు ఆడవాళ్లను, వాళ్లలో భర్తను పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. పసుపులో దైవత్వం చూసేవాళ్లు ఆ దైవత్వం ఎవరెవరికి అందకుండా చేశామో కూడా చూడాలి.

మరి పవిత్రత వల్ల ఏ ప్రయోజనమూ లేదా? ఉంది. అది వైద్యగుణాన్ని రుజువు చేయదుగాని అమ్మేవాడి మీద, కొనేవాడి మీద ఒక బాధ్యత పెడుతుంది. ఆ బాధ్యత ఏమిటో పసుపు బజారుకు వచ్చే దారిలోనే తెలుస్తుంది. గుంటూరు జిల్లా దుగ్గిరాల యార్డుకు వచ్చే పసుపు ఎనిమిది, తొమ్మిది నెలల పంట. దుంపలు తవ్వి, ఉడకబెట్టి, రెండు వారాల దాకా ఎండలో ఆరబెడితే నూరు కిలోల పచ్చి పసుపు ఇరవై, పాతిక కిలోలకు దిగుతుంది. కొమ్ములు, కాయలు వేరుచేసి, పైపొట్టు పోయేలా మెరుగు పట్టి అమ్ముతారు. రైతు తొమ్మిది నెలల కష్టం ధరగా మారేది అక్కడ మెరుపును బట్టి. కల్తీకి తావిచ్చేదీ ఆ మెరుపే.

బంగ్లాదేశ్‌లో జరిగింది ఇందుకు సాక్ష్యం. 1980ల్లో వరదలకు తడిసి రంగు తగ్గిన పసుపును నిగనిగలాడించడానికి మెరుగు పట్టే చోట సీసం కలిసిన లెడ్ క్రోమేట్ వాడటం మొదలై, అలవాటుగా నిలిచిపోయింది. గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడి నుంచి వస్తోందని వెతికిన పరిశోధకులు చివరికి పసుపు దగ్గరకు చేరారు. 2019లో బజారు నమూనాల్లో నూటికి 47 కల్తీవి. ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా చెప్పాక 2021 నాటికి ఆ అంకె సున్నాకు వచ్చింది. అంటే ఇది చేయగలిగిన పనే. భారత్, పాకిస్తాన్ నగరాల్లో సేకరించిన నమూనాల్లోనూ, ముఖ్యంగా పాట్నాలో, అదే కల్తీ బయటపడిందని 2024లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పసుపులో సీసం పది లక్షల పాళ్లకు పది పాళ్లు మించకూడదు, లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదు. సీసం పిల్లల బుద్ధిని తినేస్తుంది, పెద్దల రక్తపోటు పెంచుతుంది. కీళ్ల నొప్పికని రోజూ ఎక్కువ పసుపు తినేవాళ్లకు ఆ ముప్పూ ఎక్కువే.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేస్తే మంచి పసుపు లేత రంగు వదులుతూ అడుక్కు దిగుతుంది. రంగు కలిపినది నీటిని ముదురు పసుపుగా మార్చేస్తుంది. సీసం ఎంతుందో ఇది చెప్పలేదు, దానికి ప్రయోగశాల కావాలి. కొమ్ములు కొని మర పట్టించుకోవడం పొడి కొనడం కన్నా మేలు. అయితే లెడ్ క్రోమేట్ పూసేది కొమ్ముల మీదే కాబట్టి మరీ మెరిసే కొమ్ములను వదిలి, గరుకుగా, కాస్త మట్టి రంగులో ఉన్నవి ఎంచుకోవాలి. మోకాలి విషయానికొస్తే తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, బరువు తగ్గడం ఇప్పటివరకు ఎక్కువ రుజువులున్న ఉపాయాలు. పసుపు సారం వాటి తర్వాతే, డాక్టరుకు తెలిసే, కొద్ది వారాలు వాడి ఫలితం చూసుకునే పద్ధతిలోనే. గుణం కనిపించకపోతే ఆపేయాలి.

చివరికి పూజ పసుపు. ఆ పేరుతో తక్కువ ధరకు విడిగా అమ్మే పొట్లాలున్నాయి, కొన్నింటి మీద తినడానికి కాదని రాసి ఉంటుంది. ఆ పసుపే గణపతి అవుతుంది, పేరంటాళ్ల పాదాలకు రాస్తారు, తాళిబొట్టు పసుపుతాడుకు పూస్తారు, పసిపిల్లలు తాకి నోట్లో పెట్టుకుంటారు. మనుషులు తినకూడనిది దేవుడికి చాలుననే ఏర్పాటుకు ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. కోటప్పకొండ, అమరావతి లాంటి క్షేత్రాల్లో ఆలయ అవసరాలకు కొనే పసుపుకు ప్రయోగశాల నివేదిక అడగడం దేవాదాయ శాఖకు కష్టం కాదు. గుడి ముందు అమ్మే ప్రతి పొట్లం మీద వంట పసుపుకు ఉన్నట్టే 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఉండాలని పట్టుబట్టవచ్చు. దాంతో పొట్లం ధర కొంత పెరుగుతుంది. మెరుపు కోసం రంగు పూయకుండా అమ్మే రైతుకు, మిల్లుకు ఆ డబ్బు చేరితే, కూరకూ గణపతికీ మోకాలి పట్టుకూ ఒకే సంచిలోని పసుపు వాడుకోవచ్చు.